జానెడు ఖాళీ

క్రిందటి సంవత్సరం జ్యేష్ఠమాసంలో మేము అలాస్కా వెళ్ళి, ఇరవై ఎనిమిది రోజులుండి వచ్చాము. సంఘంలో కొందరు మిత్రులు యాత్రా విశేషాలు రాయమన్నారు. కాశీకో రామేశ్వరానికో వెళ్ళివచ్చినవారు రాసినట్టు రాయడానికి మాకక్కడ గుడీ లేదు, గోపురమూ లేదు. మంచుకొండలు చూశాము, నిజమే. కాని మా రోజులు ఎక్కువ భాగం ఒక రేకుల షెడ్డులో, ఒక చిన్న విమానం చక్రాల దగ్గర చతికిలబడి గడిచాయి. కనుక ఆ సంగతే రాస్తున్నాము.

మేము అంటే ఇద్దరం. ఒకరు ఆఫీసులో గుమాస్తా, రెండోవారు ఇంట్లో అధికారి. ఈ వ్యాసంలో ఏ మాట ఎవరన్నారో విడదీసి చెప్పదలచుకోలేదు.

ప్రయాణానికి కారణం మా అక్కయ్య. మాలో ఒకరికి తోబుట్టువు, ఒకరికి వదినె. ఆమె కొడుకు ఆంకరేజ్ పట్టణంలో రోడ్లూ వంతెనలూ కట్టే కంపెనీలో ఇంజనీరు. ఆరేళ్ళ క్రిందట వెళ్ళాడు. మూడేళ్ళ క్రిందట, ఆ ఊరి ముసలి మెకానిక్కు ఒకాయనతో సగపాలు కలిసి పాత విమానం ఒకటి కొన్నాడు. మన పేటలో పిల్లవాడు మోటారు సైకిలు కొంటేనే తల్లి ముడుపు కడుతుంది. విమానం కొన్నాడంటే ఆవిడ పరిస్థితి ఊహించుకోండి. దానికి తోడు మొన్న సెప్టెంబరులో అది ఏటి మధ్య రాళ్ళ దిబ్బ మీద దిగుతూ ముక్కు నేలకు కొట్టుకుంది. పిల్లవాడికి గీత కూడా పడలేదు. కాని ఆ రాత్రంతా దిబ్బ మీదే ఒంటరిగా గడిపాడట. ఆ మాట తల్లికి వాడు చెప్పలేదు. వంగిపోయిన పంకా ఫొటో ఎవరి ఫోనులోనో తిరిగి తిరిగి మల్లేశ్వరం చేరింది.

"మీరిద్దరూ వెళ్ళండి. మీ మాట వింటాడు. ఆ భూతాన్ని అమ్మించి రండి. ఆ డబ్బుతో మేడమీద రెండు గదులు పడతాయి," అన్నది అక్కయ్య. టిక్కెట్లు వాడు పంపాడు. ముప్పై రోజుల సెలవు దొరికింది. మేము రాయబారానికి బయలుదేరాము.

అలాస్కా దేశం వైశాల్యంలో మన భారతదేశంలో సగం ఉంటుంది. జనం మాత్రం 2020 లెక్కల ప్రకారం 7,33,391 మంది. మన బెంగళూరులో ఒకటి రెండు పేటలు ఎత్తి అక్కడ పెడితే సరిపోయేంత జనం. 1867లో అమెరికావారు దీన్ని రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకు కొన్నారు. 1959లో రాష్ట్రం చేశారు. రాష్ట్రమైతే అయింది గాని రోడ్లు లేవు. రాజధాని జునో పట్టణానికే బయటినుంచి రోడ్డు లేదు. ఓడలోనైనా పోవాలి, విమానంలోనైనా పోవాలి. గ్రామాలలో ఎక్కువ భాగం అంతే. టపా, మందులు, బియ్యం, పురిటి నొప్పుల మనిషి, అన్నీ చిన్న విమానాలలోనే. మనకు జట్కాబండి, ఆటో ఎటువంటివో వాళ్ళకు అవి అటువంటివి.

సియాటిల్ నుంచి మూడున్నర గంటలు ఎగిరి ఆంకరేజ్‌లో దిగాము. రాత్రి పదకొండయినా ఎండ పోలేదు. జూన్ నెల మూడోవారంలో అక్కడ పగలు పందొమ్మిది గంటల పైచిలుకు. సంధ్యావందనం ఎప్పుడు చేయాలో తెలియక మేము గడియారాన్ని నమ్ముకున్నాము.

మర్నాడు మేనల్లుడు హుడ్ సరస్సుకు తీసుకుపోయాడు. పెద్ద విమానాశ్రయం పక్కనే ఈ సరస్సు. దాని గట్టు పొడవునా, మన చెరువుగట్టున ఎడ్లబళ్ళు విప్పినట్టు, వందలకొద్దీ చిన్న విమానాలు నీటి మీద తేలుతూ కట్టేసి ఉన్నాయి. చక్రాలకు బదులు పడవల వంటి రెండేసి పాదాలు. పక్కన చక్రాల విమానాలకోసం 2,200 అడుగుల కంకర బాట ఒకటి. కెనడాలో 1947లో మొదట ఎగిరిన బీవర్ అనే బండ విమానాలు ఇప్పటికీ అక్కడ యాత్రికులను మోస్తున్నాయి. వాటిని చేయడం 1967లోనే మానేశారు. మనుషులు వాటిని పాత గడియారాలలా బాగుచేసుకుంటూ వాడుకుంటున్నారు.

"మామయ్యా, ఇక్కడ ఎవరైనా విమానం కొంటే అడిగే మొదటి ప్రశ్న ఇంజను గురించి కాదు. కాళ్ళేమిటి అని అడుగుతారు," అన్నాడు వాడు. చలికాలం మంచు మీద దిగడానికి స్కీ పలకలు, ఎండాకాలం నీటి మీద దిగడానికి పడవలు, రాళ్ళ మీద దిగడానికి లావుపాటి టైర్లు. ఒకే విమానానికి ఏడాదిలో మూడు జతల చెప్పులన్నమాట. మేము తలూపాము. అమ్మకం మాట ఎత్తడానికి ఇంకా వేళ కాలేదు.

విమానం ఉన్నది పామర్ అనే ఊళ్ళో, ఆంకరేజ్‌కు నలభై మైళ్ళ పైన. కొండల మధ్య విశాలమైన లోయ. 1935లో ప్రభుత్వం దక్షిణాన కరువు పడ్డ రైతుకుటుంబాలను తెచ్చి అక్కడ భూములిచ్చి నిలిపిందట. ఎండ ఎక్కువ గంటలు కాస్తుంది కాబట్టి ఆ ఊరి కాబేజీలు గంపలంత పెరుగుతాయి.

షెడ్డు తలుపు తీయగానే మాకు చిన్నప్పటి జక్కూరు మైదానం గుర్తుకు వచ్చింది. హిందుస్తాన్ ఏర్‌క్రాఫ్టువారు బెంగళూరులోనే చేసిన పుష్పక్ విమానాలు, మొదటిది 1958లో ఎగిరింది, ఇలాగే ఉండేవి. పైన రెక్క, గుడ్డ తొడుగు, రెండే ఆసనాలు, వెనుక బుల్లి తోకచక్రం మీద చతికిలబడి ముక్కు ఆకాశానికెత్తిన వాలకం. ఇది పైపర్ కంపెనీవారి సూపర్ కబ్. ఆ రకాన్ని 1949లో తయారుచేయడం మొదలుపెట్టారు. ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ. మనుషులిద్దరూ ఒకరి వెనుక ఒకరు కూర్చోవాలి. ఇంజను 150 గుర్రాల శక్తి.

మెకానిక్కు ముసలాయన అక్కడే ఉన్నాడు. మాతో చేయి కలిపే ముందు గుడ్డతో పది సార్లు తుడుచుకున్నాడు. మా ఇంగ్లీషు ఆయనకూ, ఆయన ఇంగ్లీషు మాకూ సగం అర్థమయ్యేది. మిగతా సగం మేనల్లుడు తెలుగు చేసేవాడు. వాడి తెలుగు మన ఇళ్ళలోనిదే, నాలుగు మాటలకొక కన్నడం కలిసినది. అంత దూరంలో అది వింటే ప్రాణం లేచివచ్చింది.

ఇక అసలు సంగతి. ఈ విమానానికి కంపెనీవారు మామూలుగా ఇచ్చే పంకా, అదే ప్రొపెల్లరు, ఈ కొస నుంచి ఆ కొసకు 74 అంగుళాలు. అలాస్కావారు దాన్ని తీసేసి 82 అంగుళాలది పెడతారు. ఆకు మెలి తక్కువగా ఉండే ఆ పొడుగు పంకా నిదానంగా పోయేటప్పుడు గాలిని గట్టిగా పట్టుకుంటుంది. వంద గజాల దిబ్బ మీదనుంచి కూడా విమానాన్ని లేవనెత్తుతుంది. పైన పోయేటప్పుడు వేగం కొంత తగ్గుతుంది. ఏటి దిబ్బల మీద దిగేవాడికి ఆ నష్టం లెక్కలోది కాదు. ఇంకా పొడుగు పెట్టకూడదా అంటే, దానికీ హద్దుంది. 82 అంగుళాల పంకా నిమిషానికి 2,700 చుట్లు తిరిగితే ఆకు కొస సెకనుకు 966 అడుగులు పోతుంది. ధ్వని వేగం 1,100 అడుగుల చిల్లర. దానికి దగ్గరయ్యేకొద్దీ గోల పెరుగుతుంది, లాగుడు పెరగదు.

ఎనిమిది అంగుళాలు పెరిగిన పంకా కిందివైపు నాలుగు అంగుళాలు దిగుతుంది. చిక్కంతా ఇక్కడే. నేలకూ ఆకు కొసకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలో అమెరికా విమానశాఖ నిబంధనలలో అంకెలు వేసి ఉండేవి. ముందు చక్రం గల విమానానికి 7 అంగుళాలు, తోకచక్రం గలదానికి 9, నీటి మీద 18. 2017లో ఆ నిబంధనలు తిరగరాసి, అంకెలకు బదులు ఆశయాలు రాశారు. కాని షెడ్లలో మనుషులు ఇప్పటికీ ఆ అంకెలే చెబుతారు. మేము వెంటనే చేయి చాపి చూసుకున్నాము. తొమ్మిది అంగుళాలంటే మన జానెడు. పద్ధెనిమిదంటే మూరెడు. నేల మీద జానెడు, నీటి మీద మూరెడు. మన తాతలు కొలిచినట్టే ఉంది.

ఈ ఖాళీని విమానం తోక మీద కూర్చున్నప్పుడు కొలవకూడదు. అప్పుడు ముక్కు ఆకాశంలో ఉంటుంది, పంకా కింద మేక దూరిపోవచ్చు. పరుగులో తోక లేచి ఒళ్ళు నేలకు సమంగా నిలిచినప్పటి కొలత కావాలి. అదికూడా బరువు వేసి, టైర్లు అణిగినప్పటిది.

మొదటి మూడు రోజులూ మేము చూస్తూ ఊరుకున్నాము. నాలుగోనాడు మధ్యాహ్నం, ముసలాయన భోజనానికి పోయిన వేళ చూసి, రాయబారం విప్పాము. అమ్మ ఏడ్చిన సంగతి చెప్పాము. మేడ సంగతి చెప్పాము. వాడు స్పానరు కింద పెట్టి అంతా విన్నాడు. అడ్డు చెప్పలేదు.

"నాకు కూడా భయమేసింది అత్తయ్యా. కాని నది తప్పు కాదది. నా లెక్క తప్పు. చూపిస్తాను, తరువాత మీరు అమ్మమంటే అమ్మేస్తాను," అన్నాడు.

అటక మీదనుంచి రెండు చిన్న టైర్లు దించాడు. ప్రమాదం నాటివి. వాటినే విమానానికి మళ్ళీ తొడిగాడు. ముసలాయన వచ్చాక తోక ఎత్తి పీపా మీద పెట్టారు, తాళ్ళతో కట్టారు, చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టారు. మట్టం బద్దె పెట్టి సమంగా ఉన్నదని చూసుకున్నారు. పంకాను చేత్తో తిప్పి ఒక ఆకు నిట్టనిలువుగా దించారు. టేపు మాకిచ్చారు.

ఎనిమిదిన్నర అంగుళాలు.

"ఇప్పుడు మీరిద్దరూ ఎక్కండి," అన్నాడు. ముందొకరం, వెనుకొకరం ఎక్కాము. పెట్రోలు అప్పటికే పోసి ఉన్నది. కిందనుంచి వాడు కొలిచి, కొంతసేపు లేవలేదు. ఏడుంబావు. మా ఇద్దరి శరీరాలు ఒకటింబావు అంగుళం ఖర్చుపెట్టాయన్నమాట. జానెడు ఉండవలసిన చోట జానెడు లేదు.

ఈ విమానం కాళ్ళకు స్ప్రింగులు లేవు. రబ్బరు తాళ్ళ చుట్టలు ఉంటాయి. అవి ముసలివై సాగిపోయాయి. దాని మీద చిన్న టైరు. టైరు వ్యాసం 19 అంగుళాల చిల్లర. ఏటి దిబ్బ మీద వరద కోసిన గాడి ఒకటి అడ్డం వచ్చింది. చక్రం అందులో పడింది. వాడు బ్రేకు తొక్కాడు, తోక లేచింది. తోక లేస్తే ముక్కు దిగుతుంది గదా. ఉన్న ఏడుంబావు ఆ క్షణంలో బెత్తెడయింది, తరువాత ఏమీ లేకుండా పోయింది.

పంకా నేలకు తగిలితే ఆకు సరిచేయించుకుని ఎగరడానికి వీల్లేదు. తిరిగే ఇంజను ఒక్కసారి కట్టేసినట్టు ఆగితే ఆ దెబ్బ క్రాంకు ఇరుసు వెనుక చివర ఉన్న పళ్ళచక్రం దాకా పోతుంది. అక్కడ మర సడలితే నెల తరువాత నడిమింట ఇంజను ఆగవచ్చు. అందుకే ఈ రకం లైకమింగ్ ఇంజన్ల విషయంలో, దెబ్బ తగిలాక లోపలి భాగాలు విప్పి చూడవలసిందేనని విమానశాఖ 2004లో ఉత్తర్వు ఇచ్చింది. చలికాలమంతా వాళ్ళిద్దరూ చేసింది ఆ పనే. కొత్త పంకా కూడా కొన్నారు, మళ్ళీ 82 అంగుళాలదే.

"మరి పొట్టి పంకా పెట్టుకుంటే పోలేదా? నాలుగంగుళాలు ఊరికే కలిసివస్తాయి," అన్నాము. గుమాస్తా బుద్ధి చౌకవైపే పోతుంది. ముసలాయన నవ్వలేదు. మంచి ప్రశ్న అన్నాడు. కలిసివస్తాయి గాని పరుగు పొడుగవుతుంది. పొడుగు పరుగులో ఇంకో నాలుగు గాళ్ళు తగులుతాయి. దిబ్బ చివర నీళ్ళున్నాయి. ఎటువైపు చావాలో ఎంచుకోవడం కాదు, బ్రతికే దారి ఎంచుకోవాలి, అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన రెండు కథలు చెప్పాడు. వాల్డెజ్ రేవులో 1930ల నాటి బాబ్ రీవ్ అనే వైమానికుడు, ఎండాకాలం కూడా హిమానీనదాల మీది గనులకు సామాను చేర్చాలని, విమానానికి స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వేసిన స్కీలు తగిలించి, సముద్రం వెనక్కి తీసినప్పుడు మిగిలే బురద మీదనుంచి జారుతూ లేచేవాడట. బురద మీద లేచి మంచు మీద దిగడం. 1937లో అతడు ఇద్దరు పర్వతారోహకులను లుకేనియా శిఖరం కింద దించాడు. కరిగిన మంచులో స్కీలు కూరుకుపోయి రోజుల తరబడి చిక్కుకున్నాడు. ఎలాగో తాను లేచి వచ్చాడు గాని మళ్ళీ వెళ్ళలేకపోయాడు. ఆ ఇద్దరూ శిఖరమెక్కి, నడిచి బయటపడ్డారు.

రెండో కథ దుఃఖం. ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన వైలీ పోస్ట్ 1935లో అలాస్కా వచ్చాడు. వెంట అమెరికా అంతా నవ్వుతూ చదివే రచయిత విల్ రోజర్స్. పోస్ట్ విమానమే రెండు విమానాల ముక్కలు కలిపినది. దానికోసం చెప్పిపెట్టిన పడవపాదాలు సియాటిల్‌కు వేళకు రాలేదు. ఆగలేక, పెద్ద విమానానికి చేసిన పాదాలు తగిలించుకున్నాడు. ముక్కు బరువెక్కింది. ఆగస్టు 15న ఉత్తరపు కొసన, పాయింట్ బారో దగ్గర మడుగులోనుంచి లేస్తూండగా ఇంజను ఆగింది. ముక్కు బరువుతో తలకిందులుగా పడింది. ఇద్దరూ పోయారు.

"ఇంజను ఆగడం దైవాధీనం. పాదాలు మనం తొడుక్కున్నవి," అన్నాడు ముసలాయన. మా మేనల్లుడు తల వంచుకుని దాన్ని తెలుగు చేశాడు.

అప్పుడు మాకొక సందేహం వచ్చింది. ఇంత తెలిసిన కుర్రవాడు ఆ చిన్న టైర్ల మీద ఎందుకు వెళ్ళినట్టు? అడిగాము. వాడు మాట దాటవేశాడు. రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ అడిగాము. ఒక్కొక్క పెద్ద టైరు వెల మన ఊళ్ళో స్కూటరు వెలకు తక్కువ కాదు. రెండు కావాలి. పొడుగు కాళ్ళు వేరు. వాటికోసం వాడు దాచిన డబ్బు నిరుడు మార్చిలో అక్కయ్యకు పంపాడు. మిద్దె స్లాబు వేయడానికి. "అమ్మ వానలకు ముందే వేయాలన్నది," అన్నాడు. అంతకన్న చెప్పలేదు.

ఆ స్లాబు పండుగకు మేము పాయసం తిన్నాము. నిద్ర పట్టలేదు. ఎండ వల్ల అనుకున్నాము.

మర్నాడు షెడ్డులో కాగితం తీసుకుని లెక్క వేశాము. అంకెలంటే మాకు కొత్త కాదు. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు. పెద్ద టైరు వ్యాసం 31 అంగుళాలు. పాతది పందొమ్మిదిన్నర. భేదంలో సగమే ఇరుసు ఎత్తుకు చేరుతుంది, అంటే అయిదుముప్పావు. కాని ఈ టైర్లలో గాలి చాలా తక్కువ పెడతారు, బొటనవ్రేలితో నొక్కితే దిగుతాయి. కనుక అణుగుడు కింద రెండంగుళాలు తీసేశాము. మిగిలింది మూడుముప్పావు. కాళ్ళు మూడంగుళాల పొడుగువి దొరుకుతాయి. ఆ కాళ్ళు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి మూడంగుళాల పొడుగు మూడంగుళాల ఎత్తు కాదు. రెండే రాశాము. ఏడుంబావూ మూడుముప్పావూ రెండూ, మొత్తం పదమూడు. కొత్త రబ్బరు తాళ్ళ వల్ల వచ్చేది జమలో రాయలేదు. సందేహపు బాకీని ఆదాయంగా చూపకూడదు.

ఖర్చువైపు కూడా ఉంది. టైర్ల బరువు. గాలికి అడ్డం వాటి బొజ్జలు, అందువల్ల వేగం తగ్గుతుంది. పెద్ద టైరుకు పాత బ్రేకు సరిగా ఆనదు. నిలబడినప్పుడు ముక్కు ఇంకా పైకి లేచి ముందు దారి కనిపించదు. పాములా అటూ ఇటూ మలుపుతూ తొంగిచూసుకుంటూ నడపాలి. ఎత్తు పెరిగితే బోర్లాపడే గుణం కూడా పెరుగుతుంది. అందుకు ఇరుసును కాస్త ముందుకు జరిపిన కాళ్ళు తీసుకోవాలి. మరీ జరిపితే తోక బరువెక్కి నేల మీద గిర్రున తిరిగిపోతుంది. ఆరంగుళాల పొడుగు కాళ్ళున్నాయి, 35 అంగుళాల టైర్లూ ఉన్నాయి. మేము వాటిని కొట్టేశాము. కొనేది ఖాళీ, గొప్ప కాదు.

ముందు చక్రం గల విమానం తేలిక కదా, తోకతో ఈ తంటా ఎందుకని కూడా అడిగాము. ఆ రకం బాట మీద తిన్నగా పోతుంది. కంకర బాటల మీద అవీ బోలెడు పనిచేస్తున్నాయి. కాని గుంటలో పడేది ముందు ఆ చక్రమే. దాని కాడ విరిగితే పంకా సరాసరి నేలలోకి పోతుంది. పైగా ఆ చక్రం లేపిన రాళ్ళు పంకాకే తగులుతాయి. ఆకు అంచున గింజంత గాటు పడినా ఆకురాయితో నునుపు చేయాలి. వదిలేస్తే అక్కడినుంచి బీట వారుతుంది.

పెద్ద టైరు ఎత్తు ఒక్కటే ఇవ్వదు. ఎడ్లబండి చక్రం అంత పెద్దదిగా ఎందుకుంటుందో మన పల్లెలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. చిన్న చక్రం పడే గాడిని పెద్దది దాటిపోతుంది. మా ముసలాయనకు ఎడ్లబండి బొమ్మ గీసి చూపించాము. ఆయన ఆ కాగితం షెడ్డు గోడకు అంటించాడు.

టైర్లకు డబ్బు? సగపాలు ముసలాయన వేస్తానన్నాడు. మిగతా సగం మేనల్లుడు పంపదలచుకున్న మేడ డబ్బు. వాడు మా ముఖం వంక చూశాడు. అమ్మించడానికి వచ్చిన రాయబారులం మేము. "కొను," అన్నాము. ఏకకంఠంగానే అన్నాము.

సామాను రావడానికి వారం, బిగించడానికి నాలుగు రోజులు. ప్రతి మార్పుకూ అంగీకార పత్రం, దాని మీద మెకానిక్కు సంతకం, లాగుపుస్తకంలో పద్దు. ఆ పద్దులు చూసి మాకు మంచి ఆఫీసు చూసినట్టు తృప్తి కలిగింది. తోక మళ్ళీ పీపా మీదికెక్కింది. మేము మళ్ళీ లోపల కూర్చున్నాము. పదమూడుంబావు. కొత్త తాళ్ళ పావు అంగుళం వడ్డీ.

ముందు ముసలాయనా వాడూ ఎగిరి వచ్చారు, మూడు రోజులు. తరువాత మా వంతు. రెండే ఆసనాలు, కనుక మాలో ఒకరమే ఎక్కాము. ఎవరో చెప్పము. ఎక్కినవారు చూసినది ఇది: నిక్ నది, వెండి దారాలు విడదీసి పరిచినట్టు వందపాయలు. పైన హిమానీనదం, నీలిగా పగిలిన అంచు. వాడు ఒక దిబ్బ మీదుగా రెండుసార్లు తక్కువ ఎత్తులో పోయి రాళ్ళను చదువుకున్నాడు. మూడోసారి దిగాడు. కొబ్బరికాయలంత రాళ్ళు టైర్ల కింద మెత్తగా అణిగినట్టనిపించింది. ఆగిన తరువాత చప్పుడు లేదు, నీటి హోరు తప్ప. వాడు దిగి టేపు తీసి ఏదో కొలవబోయి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఇక్కడేనా?" అని అడిగాము. "ఇంకో మైలు పైన," అన్నాడు. ఆ రాత్రి వాడొక్కడూ కూర్చున్న చోటు దూరంగా చూపించాడు. అక్కడ చెట్టు కూడా లేదు.

మిగిలినవారు పామర్‌లో గడ్డి అంచున నిలబడి ఆకాశం చూశారు. ముసలాయన రెండుసార్లు కాఫీ తెచ్చాడు. రెండూ చల్లారాయి. గంటా పది నిమిషాలు. ఆ గంట సంగతి ఇంతకన్న రాయలేము.

తిరిగి వచ్చేముందు రోజు అక్కయ్యకు ఫోను చేశాము. అమ్మలేదన్నాము. మేడ ఇంకో ఏడాది ఆగుతుందన్నాము. స్లాబు డబ్బు సంగతి వాడు చెప్పొద్దన్నాడు. అయినా చెప్పాము. అవతల చాలాసేపు మాట లేదు. ఫోను తెగిపోయిందనుకున్నాము.

"ఇప్పుడు నేలకు ఎంత ఎడముందంటావు?" అని అడిగింది చివరకు.

"పదమూడుంబావు అంగుళాలు. జానెడు మీద బెత్తెడు పైన."

"అంతేనా?" అన్నది అక్కయ్య.